అకాల వర్షాలు – వేపగింజల రాబడి
చెట్టును చూసి బేరం చేసేవారికే నష్టం తక్కువ

మానవపాడు: కృష్ణా, తుంగభద్రా నదుల నడుమ ఉన్న నడిగడ్డలో మిరప, పత్తి, వేరుశెనగలే వర్తకుల కంటికి ముందుగా కనుపించే సరుకులు. ఆకాశం మబ్బు పట్టినదంటే మిరప కల్లాల మీద పట్టలు కప్పారా లేదా అని కబుర్లు వెళతాయి. తడిసిన పత్తికి ధర ఎంత కోయాలి, ఆరని కాయను ఎన్ని రోజులు ఆపాలి అనే లెక్కలు మొదలవుతాయి. అదే మబ్బు పొలంగట్ల మీద, బాటల పక్కన నిలిచి ఉన్న వేపచెట్లకు ఏమి చేసిపోయినదో అడిగేవారు తక్కువ. ఆరు నెలలో, ఎనిమిది నెలలో గడిచిన తరువాత వేపగింజల రాబడి పడిపోయి, వచ్చిన బస్తాలలో నల్లపప్పు ఎక్కువగా తేలినపుడు మాత్రం కారణం కోసం వెతుకుతారు. అప్పటికి చేయగలిగినది ఏమీ ఉండదు.

వేపగింజ ఇప్పుడు ఊరి గానుగకో, సబ్బుల తయారీకో పరిమితమైన సరుకు కాదు. ఎరువుల కర్మాగారాలకు, సస్యరక్షణ మందుల తయారీదారులకు, తోటల రైతులకు అది అవసరమైన ముడిసరుకు. ఇంత గిరాకీ ఉన్న గింజకు విత్తేవారూ లేరు, నీరు పెట్టేవారూ లేరు. విస్తీర్ణం ఇంత, అంచనా దిగుబడి ఇంత అని ఏ పట్టికలోనూ కనుపించదు. అందువల్ల ఈ సరుకులో బేరం చేసేవారికి ముందస్తు సమాచారం ఇచ్చేది చెట్టు ఒక్కటే. ఏడాదిలో మూడు అదనులలో చెట్టును చూసినవారికి రాబోయే రాబడి సంగతి, నాణ్యం సంగతి చాలావరకు ముందే తెలిసిపోతుంది.

ఎవరూ విత్తని పంట

వేప ఎండను ఓర్చుకొనే చెట్టు. రాష్ట్రంలో వర్షం తక్కువగా పడే ప్రాంతాలలో ఒకటైన ఈ నడిగడ్డలో అది అంతగా నిలదొక్కుకొన్నదంటే కారణం అదే. శిశిరంలో ఆకు రాల్చుతుంది. మార్చిలో కొత్త చిగురు, దానితోపాటు పూత వస్తాయి. ఉగాది పచ్చడికి పువ్వు దొరికే రోజులే గింజల వర్తకుడికి తొలి లెక్క వేసుకొనే రోజులు. పూత నిలిచి పిందె కట్టి, మే నెలాఖరు నుంచి జూలై వరకు పండ్లు పండి రాలుతాయి. రోహిణి కార్తె చివరి నుంచి ఆరుద్ర, పునర్వసు వరకు ఏరుకొనే పని సాగుతుంది.

ఈ పని చేసేది ఎక్కువగా కూలి ఆడవాళ్లు, ముసలివాళ్లు, పశువుల కాపరులు. తెల్లవారుజామున చెట్టుకింద ఊడ్చి పోగుచేస్తారు. పక్షులు గుజ్జు తిని వదిలిన గింజను కూడా ఏరుతారు. గుజ్జు పిసికి కడిగి, ఆరబెట్టి, ఊరిలోని కొట్టులో కిలోల లెక్కన అమ్ముతారు. అక్కడ నుంచి చిల్లర కొనుగోలుదారు, అడ్తిదారు, మిల్లరు అనే వరుసలో సరుకు కదులుతుంది. దుక్కులు అయి విత్తనం పడడానికి ముందు, చేతిలో కూలిపని లేని రోజులలో వచ్చే డబ్బు ఇది. గింజ రాలకపోతే మిల్లరుకు ముడిసరుకు తగ్గుతుంది. ఏరుకొనే ఇంటికి మాత్రం ఆ రోజుల ఖర్చుకే లోటు వస్తుంది.

మొదటి అదను: ఉత్తర నుంచి స్వాతి వరకు

వేపగింజ వేసవి చివరి సరుకు కాబట్టి దానికి వేసవి వాతావరణమే ముఖ్యమని చాలామంది అనుకొంటారు. నిజానికి మొదటి గండం అంతకు ఎనిమిది నెలల ముందే వస్తుంది. సెప్టెంబరు నడుమ నుంచి నవంబరు తొలి వారం దాకా, అంటే ఉత్తర, హస్త, చిత్త, స్వాతి కార్తెలలో, వానలు తెరిపి లేకుండా పడితే చెట్టు కొమ్మల చివర్లు ఎండడం మొదలవుతుంది. లేత రెమ్మ కొస నుంచి వెనుకకు గోధుమరంగు పాకుతుంది. ఆకులు రాలకుండానే నిప్పు సెగ తగిలినట్లు మాడి వేలాడతాయి.

దీనికి కారణం ఒక శిలీంధ్రం. మైసూరు శాస్త్రవేత్తలు దీనిని గుర్తించి 1997లో ఫోమాప్సిస్ అజాడిరాక్టే అని పేరు పెట్టారు. వాన చినుకుల తుంపరతో, గాలితో, పురుగులతో అది ఒక కొమ్మ నుంచి మరొక కొమ్మకు పాకుతుంది. గాలిలో తేమ, కొంచెం చల్లదనం ఉన్నపుడు విజృంభిస్తుంది. ఎండ ముదిరినపుడు అణగి ఉంటుంది. తెగులు తీవ్రంగా పట్టిన చెట్టుకు ఆ ఏడాది కాపు దాదాపు పూర్తిగా పోవచ్చునని పరిశోధకులు చెబుతున్నారు. గింజ ద్వారా కూడా తెగులు వ్యాపిస్తుంది గనుక, నారు పోసుకొనేవారు తెగులు సోకిన చెట్ల గింజ తీసుకోరాదు.

శిలీంధ్రానికి తోడు టీ దోమ ఒకటి. పేరుకు దోమ గాని, నిజానికి ఇది రసం పీల్చే నల్లి జాతి పురుగు. లేత రెమ్మలో ముక్కు గుచ్చి రసం పీల్చుతుంది. దాని లాలాజలం విషంవలె పనిచేసి గుచ్చిన చోటు నల్లబడుతుంది. ఆ గాయాల గుండా శిలీంధ్రం సులువుగా లోపలికి దిగుతుంది. రెండూ కలిసినపుడు చెట్టు చూపులకు చచ్చిపోయినట్లే ఉంటుంది.

2021లో జరిగినది

ఈ సంగతి తెలంగాణ అంతటికీ తెలిసివచ్చినది 2021లో. ఆ ఏడాది నైరుతి రుతుపవనాల కాలంలో రాష్ట్రంలో సాధారణం కన్న బాగా ఎక్కువ వర్షం పడింది. సెప్టెంబరు 26న గులాబ్ తుపాను ఉత్తరాంధ్ర తీరం దాటిన తరువాత కూడా తెలంగాణలో భారీగా కురిసింది. ఆ వానల వెనుకనే అనేక జిల్లాలలో వేపచెట్లు పైనుంచి ఎండుతూ వచ్చాయి. రహదారుల వెంట, ఇళ్ల ముందు, గుడుల ఆవరణలలో పెద్దపెద్ద చెట్లు మాడినట్లు నిలబడ్డాయి. జనంలో భయం పుట్టింది. ఏదో అరిష్టమన్నవారూ ఉన్నారు. ఆచార్య జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పరిశీలించి, ఇది కొమ్మ ఎండు తెగులేనని, ఫోమాప్సిస్ శిలీంధ్రంతోపాటు టీ దోమ ప్రమేయం కూడా ఉన్నదని తేల్చారు. ఎండిన కొమ్మలు తీసివేసి శిలీంధ్రనాశిని, కీటకనాశిని మందులు వాడాలని సూచించారు. అయితే నలభై, యాభై అడుగుల చెట్టు చివరిదాకా మందు కొట్టడం సామాన్య రైతుకు సాధ్యమయ్యే పని కాదు.

చలి తగ్గి ఎండలు ముదిరిన తరువాత, 2022 వేసవిలో, చాలా చెట్లు మోడు నుంచి తిరిగి చిగురు వేశాయి. తరువాతి ఏళ్లలో కూడా వానల అనంతరం ఈ తెగులు అక్కడక్కడా మళ్లీ కనుపించినది. ఇందులో వర్తకులు గమనించవలసిన సంగతులు రెండు. ఒకటి, ఎండినట్లు ఉన్న చెట్టు చచ్చిన చెట్టు కాదు. గోటితో బెరడు గీకి చూస్తే లోపల పచ్చదనం ఉన్నంతవరకు చెట్టు బ్రతికి ఉన్నట్లే. చచ్చినదని తొందరపడి వంటచెరకుకు నరికితే ఒక ఏడాది నష్టంతో పోయేది శాశ్వత నష్టం అవుతుంది. రెండు, చెట్టు బ్రతికినా ఆ ఏడాది కాపు తగ్గుతుంది. వేపకు పూత వచ్చేది కొత్త రెమ్మల మీద. కొసలు ఎండిన చెట్టు ముందు రెమ్మలను తిరిగి తెచ్చుకోవాలి. ఆ తరువాతనే పూత సంగతి.

హస్త, చిత్త కార్తెల వాన ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. 2009 అక్టోబరు తొలి రోజులలో తుంగభద్ర వరద కర్నూలునూ, అలంపూరు ప్రాంతాన్నీ ముంచిన సంగతి ఇక్కడివారు మరచిపోలేదు. మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి తీరం దాటిన మొంథా తుపాను కూడా తెలంగాణ జిల్లాలలో భారీవర్షాలు కురిపించినది. అటువంటి వాన పడిన ఏడాది పత్తి తడిసిన లెక్కతోపాటు వేప కొమ్మల లెక్క కూడా రాసి పెట్టుకోవడం మంచిది.

ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ఫిబ్రవరి, మార్చి నెలలలో వేప సహజంగానే ఆకు రాల్చుతుంది. అప్పుడు ఆకు పసుపుపచ్చగా మారి చెట్టంతటా ఒకే తీరుగా రాలిపోతుంది. దానిని చూసి తెగులు అనుకోరాదు. ఆగస్టు నుంచి డిసెంబరు లోపల కొసలు మాడి, ఎండుటాకు కొమ్మనే పట్టుకొని వేలాడుతుంటే అది తెగులు లక్షణం.

రెండవ అదను: పూత, పిందె

మార్చి నడుమ నుంచి ఏప్రిల్ నెలాఖరు వరకు, ఉత్తరాభాద్ర, రేవతి, అశ్విని కార్తెలలో, చెట్టు పూతతో ఉంటుంది. పువ్వు చిన్నది, తేలికైనది. మామూలు ఎండకు, పొడిగాలికి అది తట్టుకొంటుంది. ఈదురుగాలి, వడగళ్లు, గంటల తరబడి వాన అయితే తట్టుకోలేదు. పూత రాలిపోవడం ఒక నష్టం. పుప్పొడి తడిసి, తేనెటీగలు తిరగక పిందె కట్టకపోవడం రెండవ నష్టం. మొదటిది చెట్టుకింద తెల్లగా పరచుకొని కంటికి కనుపిస్తుంది. రెండవది పదిహేను రోజుల తరువాత గెలలు ఖాళీగా ఉన్నపుడు గాని తెలియదు.

2023 మార్చి నడుమ తెలంగాణలో వడగళ్ల వానలు పడి మొక్కజొన్న, మామిడి, మిరప దెబ్బతిన్నాయి. ఆ నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం ఎకరాకు 10,000 రూపాయల సహాయం ప్రకటించినది. ఏప్రిల్ చివరి వారంలో మళ్లీ వానలు వచ్చి కల్లాలలోని ధాన్యం తడిసింది. పంటనష్టానికి అధికారుల లెక్కలు ఉన్నాయి. గట్టు మీద వేపపూత రాలినదానికి లెక్క వ్రాసేవారు లేరు. అటువంటి వేసవిలో గింజలకు ముందుగా ధర కట్టి బయానా ఇచ్చేవారు, పూతను కళ్లారా చూసిన తరువాతనే ఆ పని చేయాలి.

మానవపాడు వంటి చోట్ల దీనికి ఒక సులువు మార్గం ఉన్నది. ఈ అదను సరిగా మిరప కల్లాల చివరి రోజులతో కలుస్తుంది. మిరపకాయ ఎన్నిసార్లు తడిసినదో రైతులు రోజుల లెక్కతో చెప్పగలరు. మిరప తడిసిన రోజులే వేపపూత తడిసిన రోజులు. కల్లాల వార్తలతోనే పూత వార్త కూడా అడిగి తెలుసుకోవచ్చు.

మూడవ అదను: ఏరుకొనే రోజులు

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని సామెత. ఆ ఎండే వేపగింజకు మేలు చేస్తుంది. పండు రాలిన తరువాత ఒకటి రెండు రోజులలో గుజ్జు తీసి ఆరబెడితే పప్పు ఆకుపచ్చ ఛాయతో నిలుస్తుంది. వాన పట్టి గుజ్జుతోపాటు గింజ నేలమీద నానినదంటే బూజు లోపలికి దిగుతుంది. పప్పు ముందు గోధుమరంగుకు, తరువాత నలుపుకు తిరుగుతుంది. నూనెలో ఆమ్లశాతం పెరుగుతుంది. ఆస్పర్జిల్లస్ జాతి బూజు పట్టితే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. వేరుశెనగ వర్తకులకు ఈ పేరు కొత్త కాదు.

2025లో ఇదే జరగగల స్థితి ఏర్పడినది. ఆ ఏడాది మే నెలలోనే వానలు పడ్డాయి. నైరుతి రుతుపవనాలు మే 24న కేరళను తాకాయి. 2009 తరువాత అంత ముందుగా రావడం అదే మొదటిసారి. మే నెల ముగియకుండానే అవి తెలంగాణలో ప్రవేశించాయి. వేపపండు రాలడం మొదలయ్యే వేళకు నేల తడిగా ఉంటే ఏమవుతుందో ఏరేవారందరికీ తెలుసు.

ముందుగా వచ్చిన వానకు మరొక పర్యవసానం ఉన్నది. దీనిని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. నేల పదును కాగానే పత్తి గింజలు నాటే పని మొదలవుతుంది. కూలి అక్కడ దొరుకుతుంది. వేపగింజ ఏరుకొనే చేతులే పత్తి చేనులోకి వెళతాయి. చెట్టుమీద కాపు ఉన్నా, ఏరేవారు లేక మార్కెట్టుకు సరుకు రాదు. అందువల్ల కాపు బాగున్నదన్న కబురు ఒక్కటే చాలదు. మృగశిరలో వాన ఎప్పుడు పడినది, కూలి ఎటు వెళ్లినది అని కూడా అడగాలి.

లెక్కలో చూస్తే

పెద్ద చెట్టు నుంచి దొరికే సుమారు 40 కిలోల పచ్చిపండ్లు ఎండితే 24 కిలోలు అవుతాయి. అందులో గుజ్జు, పైతోలు పోగా చిప్ప 6 కిలోలు, పప్పు 5.5 కిలోలు ఉంటాయి. ఆ పప్పులో నూనె 2.5 కిలోలు, మిగిలినది పిండి. సాంకేతిక నివేదికలలో తరచు వాడే లెక్క ఇది. చిప్పతో ఉన్న ఎండుగింజ 100 క్వింటాళ్లు కొంటే అందులో పప్పు సుమారు 48 క్వింటాళ్లు, నూనె 21 క్వింటాళ్ల పైచిలుకు అన్నమాట. ఎక్స్‌పెల్లరు ఆడించినపుడు పిండిలో కొంత నూనె మిగిలిపోతుంది గనుక మిల్లరు చేతికి వచ్చేది ఇంకా తక్కువ.

ఇపుడు తడిసిన ఏడాది లెక్క చూడాలి. 10 శాతం తేమ ఉండవలసిన గింజ 16 శాతం తేమతో వచ్చినదనుకొంటే, 100 క్వింటాళ్లలో ఎండు సరుకు 84 క్వింటాళ్లే. దానిని 10 శాతం తేమకు ఆరబెడితే తూకంలో 93 క్వింటాళ్ల 33 కిలోలు మిగులుతుంది. అంటే 6 క్వింటాళ్ల 67 కిలోలకు నీటి ధర చెల్లించినట్లు. ఆపైన పప్పులో నాలుగోవంతు నల్లబడినదనుకొంటే 12 క్వింటాళ్ల పప్పు, దానిలోని 5 క్వింటాళ్లకు పైగా నూనె మేలురకం నుంచి జారిపోయినట్లే. ధరలో కొద్దిపాటి తగ్గింపు చూసి ఇటువంటి సరుకు కొన్నవారికి కలిసివచ్చేది ఏమీ ఉండదు.

గిరాకీ వైపు లెక్క

1970వ దశకం తొలి ఏళ్లలోనే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వేపపిండి కలిపిన యూరియాలో నత్రజని వృథా తగ్గుతుందని చూపించారు. వేప నేలలోని కొన్ని సూక్ష్మజీవుల పనిని మందగింపజేస్తుంది గనుక నత్రజని నిదానంగా పైరుకు అందుతుంది. 2015లో కేంద్ర ప్రభుత్వం దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేసింది. ఎరువుల ప్రమాణాల ప్రకారం పూతలో వేపనూనె కనీసం 0.035 శాతం ఉండాలి. శాతం చూస్తే చిన్నదే. దేశంలో ఏటా వాడే యూరియా సుమారు 350 లక్షల టన్నులు. ఆ కనీస శాతం ప్రకారమే 12,250 టన్నుల నూనె కావాలి. చెట్టుకు 2.5 కిలోల లెక్కన 49 లక్షల చెట్ల పూర్తి కాపు దీనికి సరిపోతుంది. ఏరకుండా మట్టిలో కలిసిపోయేది, తడిసి పాడయ్యేది లెక్క కడితే ఇంకా చాలా చెట్లు కావాలి.

పురుగుమందుల తయారీదారులకు నూనె కన్న అందులోని అజాడిరాక్టిన్ ముఖ్యం. 1959లో సూడాన్‌లో మిడతల దండు అన్ని చెట్లనూ తిని వేపను మాత్రం వదిలివేయడం జర్మనీ శాస్త్రజ్ఞుడు హైన్రిచ్ ష్ముట్టరర్ గమనించాడు. 1968లో ఇంగ్లండులో ఆ పదార్థాన్ని వేపగింజ నుంచి విడదీశారు. ఎక్కువ వేడికి, నేరుగా తగిలే ఎండకు ఇది క్షీణిస్తుంది. బూజు పట్టిన పప్పులో నిలవదు. అందువల్ల నీడన ఆరిన పచ్చపప్పుకు ఈ కొనుగోలుదారులు ఇచ్చే ధర వేరు. నల్లపప్పు వారికి పనికిరాదు. తడి ఏడాదిలో మొత్తం రాబడి కన్న ఈ మేలురకం సరుకే ఎక్కువగా తగ్గిపోతుంది. రెండు రకాల ధరల మధ్య దూరం పెరగడం అందుకే.

జీడి వర్తకుల అలవాటు

చెట్టును చూసి బేరం చేయడం తెలుగు వర్తకులకు తెలియని విద్య కాదు. శ్రీకాకుళం జిల్లా పలాస వైపు జీడిపిక్కల వర్తకులు పూత కాలంలో మంచు ఎంత పడినది, ఎన్ని రోజులు మబ్బు పట్టినది అని తోటలు తిరిగి చూస్తారు. వేపను పట్టిన టీ దోమే జీడిమామిడికి కూడా ప్రధాన శత్రువు. కొత్త చిగురు, పూత, లేత పిక్క మూడింటినీ అది దెబ్బతీస్తుంది. మబ్బు వాతావరణం దానికి అనుకూలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ తీరాన్ని తాకినపుడు ఉద్దానం తోటలలో జీడి, కొబ్బరి చెట్లు కూలిపోయాయి. చెట్టు కూలితే నష్టం ఒక్క ఏడాదితో పోదన్న సంగతి అక్కడి వర్తకులకు అనుభవమే. జీడికి తోట ఉన్నది, యజమాని ఉన్నాడు, ఎకరాల లెక్క ఉన్నది. అందుచేత కబురు సులువుగా అందుతుంది. వేపకు అవేవీ లేవు గనుక కొనేవాడే తిరిగి చూసుకోవాలి.

చింత, కానుగ సంగతి

ఒకే వాతావరణం అన్ని చెట్లకూ ఒకే విధంగా హాని చేయదు. చింత మే నుంచి జూలై వరకు పూసి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల పండుతుంది. మే, జూన్ నెలల ముందస్తు వాన దాని పూతను రాల్చుతుంది. మార్చి వాన పండిన కాయను నల్లబరుస్తుంది. చింతపండు ధరతోపాటు, నేతకు గంజిగా వాడే చింతగింజల పొడి ధర కూడా దీనిని బట్టి కదులుతుంది.

కానుగ వేరు. దాని కాయ ఫిబ్రవరి నుంచి మే వరకు పక్వమవుతుంది. గింజకు గట్టి తోలుకాయ రక్షణ ఉన్నది. వేపగింజలా గుజ్జులో నాని చెడిపోయే భయం తక్కువ. వేప దెబ్బతిన్న ఏడాదిలో సబ్బుల తయారీదారులు కానుగనూనె వైపు చూడడం సహజం. యూరియా పూతకు, అజాడిరాక్టిన్‌కు మాత్రం కానుగ బదులు కాదు. వేపనూనె కొరత ఏర్పడినపుడు ఇతర నూనెలు కలిపే ప్రయత్నాలు జరగవచ్చు గనుక, నూనె కొనేవారు పరీక్ష లేకుండా సరుకు దింపుకోరాదు.

వర్తకులు చేయదగినవి

మొదటిది, దీపావళి దాటిన తరువాత ఒకసారి తాము సరుకు కొనే ఊళ్ల దారి వెంట చెట్లను చూడాలి. ఒకే దారిన, అవే చెట్లను ఏటా చూస్తే పోలిక తెలుస్తుంది. ఇరవై ముప్ఫై చెట్లలో ఎన్నింటికి కొసలు మాడినవో వ్రాసి పెట్టుకొంటే చాలు.

రెండవది, ఉగాది దాటిన పదిహేను రోజులకు అవే చెట్లను మళ్లీ చూడాలి. పూత కాదు, పిందె చూడాలి. బయానాలు, ముందస్తు బేరాలు దీని తరువాతనే కుదుర్చుకోవాలి. మిల్లర్లకు టన్నుల లెక్కన మాట ఇచ్చేవారికి ఇది మరీ ముఖ్యం.

మూడవది, సరుకు దింపుకొనేటపుడు వంద గింజలు పగులగొట్టి చూడాలి. పచ్చపప్పు ఎన్ని, గోధుమరంగువి ఎన్ని, నల్లవి ఎన్ని, తాలు ఎన్ని అని లెక్కించి ధర కట్టాలి. తేమ 10 శాతం దాటిన సరుకును గోతాలలో నిల్వ పెట్టరాదు. ప్లాస్టిక్ సంచులలో అసలే పెట్టరాదు.

నాలుగవది, ఏరేవారికి ఇచ్చే ధరలో తేడా చూపాలి. నీడన ఆరబెట్టిన గింజకూ, బురదలో ఏరిన గింజకూ ఒకే ధర ఇస్తే ఆరబెట్టే శ్రమ ఎవరూ తీసుకోరు. కిలోకు రెండు మూడు రూపాయలు ఎక్కువ ఇచ్చినా మేలుపప్పు పెరగడంతో అది తిరిగి వస్తుంది. వాన సూచన ఉన్న వారంలో ఒక పాత పట్టా, రెండు గోనెసంచులు ఊరి కొనుగోలుదారు ద్వారా అందజేస్తే చెట్టుకింద పరిచి పండును తడినేలకు తగలకుండా పట్టుకోవచ్చు. ఇది పెద్ద ఖర్చు కాదు.

చివరిది చెట్టు సంగతి. ఎండినట్లు కనుపించిన వేపను నరకవద్దని, వేసవి దాకా ఆగి చూడమని చెప్పడంలో వర్తకులకు కూడా ప్రయోజనం ఉన్నది. 1990వ దశకం తొలి ఏళ్లలో ఆఫ్రికాలోని నైజర్, నైజీరియా ప్రాంతాలలో కూడా వేపచెట్లు ఆకు పోగొట్టుకొని క్షీణించినపుడు పెద్ద కలవరం పుట్టింది. అక్కడ నీటి ఎద్దడి, నేల పరిస్థితి, పొలుసు పురుగు కారణాలని పరిశీలకులు చెప్పారు. ఇక్కడ కారణం అధిక తేమ. ఎక్కడైనా సరే, నరికిన చెట్టు స్థానంలో వేసిన మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్లు, పూర్తి దిగుబడికి పదేళ్లు పడుతుంది. అన్నేళ్ల సరుకు బేరాలలో నుంచి తీసివేయవలసిందే.

వానల తీరు ఇప్పుడు నమ్మదగినదిగా లేదు. అక్టోబరు తుపానులు, మార్చి వడగళ్లు, మే నెల ముసుర్లు ఒకే ఏడాదిలో మూడూ రావచ్చు, మూడూ రాకపోవచ్చు. మూడూ తప్పిన ఏడాదిలో రాబడి పుష్కలంగా ఉండి ధర మందగిస్తుంది. ఏ ఒక్కటి తగిలినా మేలురకం సరుకుకు తేజీ వస్తుంది. నిల్వ పెట్టుకొనేవారు, మాట ఇచ్చేవారు ఏ వైపు మొగ్గాలో నిర్ణయించుకోవడానికి మానవపాడు బాటల పక్క చెట్లు ఏటా మూడుసార్లు కబురు ఇస్తూనే ఉన్నాయి.